వెలుతురున్న హాల్లో 100 అంగుళాల ప్రొజెక్టర్: ఎన్ని లూమెన్లు కావాలి?

గుంటూరు_హాలు

నమస్కారం అండి. గుంటూరులో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. హాల్లో టీవీ తీసేసి ప్రొజెక్టర్ పెట్టాలని ఉంది. విడిగా సినిమా గదికి చోటు లేదు, ఇంటిల్లిపాదీ తిరిగే హాలే. కొలతలు ముందే ఇచ్చేస్తున్నాను.

హాలు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. తెర వచ్చేది 12 అడుగుల గోడకి, సోఫా దానికి 12 అడుగుల దూరంలో. స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు, ఫాల్స్ సీలింగ్ 9 అడుగుల దగ్గర. తెరకి ఎదురుగా కూర్చుంటే ఎడమ చేతి గోడకి బాల్కనీ స్లైడింగ్ తలుపు, 8 అడుగుల వెడల్పు, పడమర ముఖం. నాలుగింటికల్లా ఎండ సూటిగా లోపలికి వస్తుంది. సోఫా వెనక ఓపెన్ కిచెన్, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా ట్యూబ్‌లైటు ఆరదు. గోడలు క్రీమ్ రంగు, సీలింగ్ తెలుపు, కింద మెరిసే తెల్ల విట్రిఫైడ్ టైల్స్. ఫ్యాన్లు రెండు: తెర గోడ నుంచి 6 అడుగుల దగ్గర ఒకటి, 14 అడుగుల దగ్గర ఒకటి.

శని, ఆదివారాల్లో మధ్యాహ్నం క్రికెట్, రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఓటీటీ, పిల్లలు పడుకున్నాక సినిమా. ఇదీ వాడకం. తెర, ఫిట్టింగ్ అన్నీ కలిపి 2 లక్షలు అనుకున్నాను.

షాపులో 3,000 లూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగు కొలత) చాలంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే పదిహేను వేలకే 15,000 లూమెన్లని రాసినవి కనిపిస్తున్నాయి. ఈ హాలుకి ఎన్ని కావాలో లెక్క కట్టే పద్ధతి ఏదైనా ఉందా? తెర కొనాల్సిందేనా, గోడకి గ్రే పెయింట్ వేస్తే సరిపోతుందా?

---

లక్స్_లెక్క

లెక్క ఉందండి, కష్టం కూడా కాదు. కాకపోతే అది మొదలయ్యేది ప్రొజెక్టర్ దగ్గర కాదు, తెర పెట్టబోయే గోడ దగ్గర. ఆ గోడ మీద పడే వెలుతురు ఎన్ని లక్సులో ముందు తెలియాలి. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద ఒక లూమెన్ పడటం.

కారణం ఇది. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు. నలుపు ఉండాల్సిన చోట వెలుగు వెయ్యకుండా ఊరుకుంటుంది, అంతే. అంటే ప్రొజెక్టర్ ఆపేసినప్పుడు మీ తెర ఎంత తెల్లగా కనిపిస్తుందో, సినిమాలో హీరో నల్లకోటు అంతకంటే నల్లగా ఎప్పటికీ కనిపించదు. మధ్యాహ్నం ఒకసారి ఆ గోడకి తెల్ల కాగితం అంటించి సోఫాలోంచి చూడండి. ఆ కాగితమే మీ నలుపు.

ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఏదైనా వేసుకోండి. ఆండ్రాయిడ్ అయితే మేలు, ఎక్కువ ఫోన్లలో లైట్ సెన్సర్ ముందు కెమెరా పక్కనే ఉంటుంది. ఫోన్ వీపు గోడకి ఆనించి, ముఖం గదివైపు తిప్పి, తెర నాలుగు మూలల్లో, మధ్యలో, మొత్తం అయిదు చోట్ల చూడండి. మీ చెయ్యి, తల సెన్సర్‌కి అడ్డం రాకూడదు, పక్కకి వంగి నిలబడి చదవాలి. ఫోన్ అంకె నూటికి ఇరవై ముప్పై అటూ ఇటూ తప్పొచ్చు, అయినా ఒక పరిస్థితినీ ఇంకోదాన్నీ పోల్చడానికి బాగా పనికొస్తుంది. మీరు నిజంగా చూసే వేళల్లోనే కొలవండి: మధ్యాహ్నం మూడున్నర, రాత్రి ఎనిమిది, రాత్రి పదిన్నర.

ఇంకో పని. బాల్కనీ తలుపుకి రెండు మందపాటి దుప్పట్లు క్లిప్పులతో వేలాడదీసి కూడా ఒక అంకె తీయండి. బ్లాకౌట్ కర్టెన్ వేస్తే ఎంత వస్తుందో డబ్బు పెట్టకముందే తెలుస్తుంది.

---

గుంటూరు_హాలు

కొలిచాను. అయిదు చోట్ల సగటు ఇస్తున్నాను.

మధ్యాహ్నం 3.30, ఇప్పుడున్న పల్చటి కర్టెన్ పూర్తిగా తీసి: 380
అదే వేళ పల్చటి కర్టెన్ వేసి: 140
అదే వేళ దుప్పట్లు కట్టి: 35
రాత్రి 8, హాల్లో లైట్లన్నీ వేసి: 90
రాత్రి 8, సీలింగ్ కోవ్ లైటు ఒక్కటే: 20
కిచెన్ ట్యూబ్‌లైటు మాత్రమే: 9

తెర ఎడమ మూలల్లో అంకెలు కుడి మూలల కంటే తక్కువ వచ్చాయి, తలుపు ఎడమ వైపే ఉన్నా.

---

లక్స్_లెక్క

ఎడమ మూలలు తలుపున్న గోడకి దగ్గర కదండీ, ఆ వెలుతురు అక్కడికి మరీ ఏటవాలుగా తగులుతుంది. కుడి వైపుకి కాస్త సూటిగా పడుతుంది, దానికి తోడు ఎదుటి క్రీమ్ గోడ మీద పడి తిరిగొచ్చేది కూడా ఉంటుంది. మీ అంకెల్లో తప్పు లేదు.

ఇక లెక్క. 100 అంగుళాల 16:9 తెర వెడల్పు 2.21 మీటర్లు, ఎత్తు 1.245 మీటర్లు, వైశాల్యం 2.76 చదరపు మీటర్లు. పెట్టె మీద 3,200 లూమెన్లని ఉన్న ప్రొజెక్టర్‌ని రంగులు సరిగ్గా వచ్చే మోడ్‌లో పెట్టి, ల్యాంపు కొంచెం పాతబడ్డాక ఎంత ఇస్తుందో చూడాలి. 2,000 అనుకోండి. 2,000ని 2.76తో భాగిస్తే తెర మీద 725 లక్సులు. ఇది ప్రొజెక్టర్ వేసే తెలుపు. దీనికి గదిలో వెలుతురు కలిపి, మళ్లీ ఆ వెలుతురుతోనే భాగిస్తే మీకు మిగిలే కాంట్రాస్ట్, అంటే నలుపు కంటే తెలుపు ఎన్ని రెట్లు వెలుగో, వస్తుంది.

380 లక్సులకి: 725కి 380 కలిపితే 1,105, దాన్ని 380తో భాగిస్తే 2.9. అంటే దాదాపు 3:1.
140కి 6:1.
90కి 9:1.
35కి దాదాపు 22:1.
20కి 37:1.
9కి దాదాపు 82:1.

ఈ అంకెలకి అర్థం తెలియాలంటే ఒక కొలబద్ద కావాలి. ఆడియో, వీడియో పరిశ్రమ సంఘం ఇన్ఫోకామ్ 2011లో తెచ్చిన ప్రమాణం గది వెలుతురుతో సహా ఉండాల్సిన కనీస కాంట్రాస్ట్ చెబుతుంది: ఊరికే అలా చూడ్డానికి 7:1, అక్షరాలూ బొమ్మలూ చదివి అర్థం చేసుకోవడానికి 15:1, సినిమాలాంటి కదిలే చిత్రానికి 80:1. అక్కడ కొలిచే పద్ధతి గళ్ల చిత్రంతో కాబట్టి మన లెక్క కంటే కొంచెం కఠినం. అయినా మీ హాలు ఎక్కడుందో చూపించడానికి చాలు.

ఇప్పుడు అసలు విషయం. మధ్యాహ్నం పల్చటి కర్టెన్‌తోనే ఉండి రెట్టింపు ప్రొజెక్టర్ కొన్నారనుకోండి, తెర మీద 1,450 లక్సులు పడతాయి, కాంట్రాస్ట్ 6 నుంచి 11కి పెరుగుతుంది. అదే పాత 2,000 లూమెన్లతో దుప్పటి కడితే 22. అంటే మీ రెండు దుప్పట్లు ఇంకో ప్రొజెక్టర్ ధర చేస్తున్నాయి.

కిచెన్ ట్యూబ్‌లైటు గురించి మీరు బెంగపెట్టుకున్నారు గానీ 9 లక్సులు అసలు సమస్యే కాదు. రాత్రి ఇబ్బంది పెట్టేది హాల్లో లైట్లు. వాటిని ఆపి, వెలుతురు కావాలనుకుంటే సోఫా వెనక షేడ్ ఉన్న దీపం కిందికి పడేలా పెట్టండి. తెర మీద 10 లోపు ఉంచుతూనే అన్నం తినడానికి సరిపడా వెలుగు ఉంటుంది.

120 అంగుళాలకి మాత్రం వెళ్లకండి. వైశాల్యం 3.97 చదరపు మీటర్లు, అంటే 44 శాతం ఎక్కువ. ఆ 725 కాస్తా 504కి దిగిపోతుంది.

గ్రే పెయింట్ సంగతి. మామూలు గ్రే గోడ ప్రొజెక్టర్ వెలుగునీ మింగుతుంది, గది వెలుతురునీ అదే పాళ్లలో మింగుతుంది. పైన లెక్కలో లవం, హారం రెండూ ఒకే అంకెతో తగ్గితే ఫలితం మారదు కదా. ఎక్కువ గెయిన్ (వెలుగుని చూసేవారి వైపు తిప్పి పంపే గుణం) ఉన్న తెల్ల తెర కూడా ఇంచుమించు అంతే, రెండింటినీ పెంచుతుంది. తెర నుంచి గోడలకి, సీలింగ్‌కి వెళ్లి తిరిగొచ్చే వెలుగు గ్రే వల్ల తగ్గేమాట నిజమే, రాత్రి అది ఉపయోగం. మధ్యాహ్నానికి మాత్రం మందు కాదు.

---

కలర్_వీల్

లూమెన్ల అంకె గురించి రాస్తాను. నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

పెట్టె మీద ఆన్సీ లూమెన్లు అనో, ఐఎస్ఓ 21118 ప్రకారం అనో, అంటే ఒక ప్రమాణం ప్రకారం కొలిచినట్టు, ఉందా చూడండి. ఉంటే ఆ అంకెని పోల్చవచ్చు. ఊరికే లూమెన్లు, ఎల్ఈడీ లూమెన్లు, లైట్ సోర్స్ లూమెన్లు అని ఉంటే ఆ అంకె పక్కన పెట్టేయండి. లైట్ సోర్స్ లూమెన్లంటే దీపం దగ్గర కొలిచినవి. లెన్స్ దాటి బయటికొచ్చేది అందులో చిన్న భాగమే.

అబద్ధం పట్టుకోవడానికి సులువైన దారి కరెంటు వాడకం. ల్యాంపు, ఫాస్ఫర్ లేజర్ ప్రొజెక్టర్లు వాటుకి ఇంచుమించు పది లూమెన్లు ఇస్తాయి. ఉదాహరణకి ఎప్సన్ ఎల్ఎస్12000 2,700 లూమెన్లకి 300 వాట్ల పైచిలుకు తీసుకుంటుంది. మీరు చూసిన 15,000 లూమెన్ల పెట్టెకి వెనక స్టిక్కర్ మీద ఎన్ని వాట్లో చదవండి. 80, 100 అని ఉంటే అందులోంచి వేలల్లో లూమెన్లు రావడం జరగని పని. పూర్తి చీకటి గదిలో చిన్న బొమ్మకి అవి పనికొస్తాయి, మీ హాలుకి కాదు.

నిఖార్సైన అంకెలోనూ ఒక మెలిక ఉంది. ఒకే చిప్ ఉండే డీఎల్‌పీ (చిప్ మీది సూక్ష్మ అద్దాలతో బొమ్మ వేసే రకం) ప్రొజెక్టర్‌లో రంగులు గిరగిరా తిరిగే చక్రం నుంచి వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలతోపాటు ఏ రంగూ లేని తెల్ల ముక్క ఒకటి పెడితే తెలుపు బాగా వెలుగుతుంది, లూమెన్ల అంకె పెరుగుతుంది. రంగులు మాత్రం అంత పెరగవు. బెన్‌క్యూ డబ్ల్యూ2700, టీకే850 చూడండి. పై పెట్టె ఒకటే. మొదటిదానికి తెల్ల ముక్క లేదు, 2,000 లూమెన్లు. రెండోదానికి ఉంది, 3,000. ఆ తేడా ముఖ్యంగా చక్రంలోదే. పసుపు జెర్సీ పక్కన తెల్ల స్కోరుబోర్డు పెట్టి చూస్తే బోర్డు కళ్లు జిగేల్మనిపిస్తుంది, జెర్సీ ఆవాలు నూరిన రంగులోకి దిగుతుంది.

మూడు ఎల్‌సీడీ ప్యానెళ్లు ఉండే 3ఎల్‌సీడీ రకంలో రంగు వెలుగూ తెలుపు వెలుగూ సమానం. అందుకే మీలాంటి హాలుకి 3,000 లూమెన్ల 3ఎల్‌సీడీని 3,500 లూమెన్ల తెల్ల ముక్క డీఎల్‌పీ కంటే ముందు పెడతాను. డీఎల్‌పీ చక్రం వల్ల కొందరికి కళ్లు అటూ ఇటూ తిప్పినప్పుడు రంగుల చారలు కనిపిస్తాయి కూడా. ఇంట్లో అందరినీ షాపుకి తీసుకెళ్లి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు నడిచేటప్పుడు చూపు గబగబా కదిలించమనండి. ఒక్కరికి కనిపించినా డీఎల్‌పీ వద్దు.

మోడళ్లు ఏటా మారుతుంటాయి, ఏ తరగతిలో చూడాలో చెబుతాను. ఎప్సన్ ఈహెచ్-టీడబ్ల్యూ7100 3ఎల్‌సీడీ, 3,000 లూమెన్లు, నిలువుగా 60 శాతం లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్‌ని కదపకుండా బొమ్మని పైకీ కిందికీ జరిపే వీలు). వ్యూసోనిక్ పీఎక్స్701-4కే డీఎల్‌పీ, 3,200 లూమెన్లు, లెన్స్ షిఫ్ట్ లేదు, త్రో నిష్పత్తి (తెర దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 నుంచి 1.65. మీ 100 అంగుళాల తెరకి అది గోడ నుంచి 10.9, 12 అడుగుల మధ్యలోనే ఉండాలి, అటూ ఇటూ కదలదు. ఎప్సన్‌కి 9.6 అడుగుల నుంచి 15.6 అడుగుల దాకా వీలుంది. ఎక్కువ జూమ్ ఉన్నవాటిని దూరం చివర పెడితే వెలుగు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది, దగ్గర చివరికి జరిపి పెట్టుకోండి.

బ్రైట్ లేదా డైనమిక్ మోడ్‌లోనే పెట్టె మీద ఉన్న అంకె వస్తుంది. ఆ మోడ్‌లో బొమ్మ ఆకుపచ్చగా మారుతుంది. క్రికెట్‌కి గడ్డి పచ్చనే కాబట్టి అంతగా తెలియదు, మనుషుల ముఖాలు కనిపించే సీరియల్ పెట్టగానే బయటపడుతుంది. షాపులో ముఖాలున్న వీడియో వేయించుకోండి.

ఇంకో మాట. ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. పాత ధరల పట్టికలు ఇంకా తిరుగుతున్నాయి, బిల్లులో శాతం చూసుకోండి.

---

తెల్లగోడ

నా అభిప్రాయం కొంచెం వేరండి. మధ్యాహ్నం క్రికెట్ తలుపులు తెరిచి చూడాలనేది మీ పట్టుదల అయితే 85 అంగుళాల టీవీ కొనండి. పైన చెప్పిన 725 లక్సులు మామూలు తెల్ల తెర మీద 230 నిట్‌లు (కంటికి కనిపించే తెర వెలుగు కొలత) అవుతాయి. ఓ మాదిరి టీవీ కూడా అంతకు మించి వెలుగుతుంది, పైగా దాని నలుపు గది వెలుతురుకి తెరలాగా తెల్లబోదు. 98 అంగుళాలకి వెళ్తే మాత్రం కొనకముందే లిఫ్ట్ కొలవండి. ప్యానెల్ వెడల్పే 2.17 మీటర్లు, అట్టపెట్టె ఇంకా పెద్దది. చిన్న ఫ్లాట్ల లిఫ్టుల్లో పట్టదు, మూడో అంతస్తుకి మెట్ల మీద, మలుపుల దగ్గర నిలబెట్టి తిప్పుతూ మోయాలి.

---

గుంటూరు_హాలు

తలుపు మూసుకోవడానికి అభ్యంతరం లేదు, మధ్యాహ్నం ఎలాగూ ఏసీ వేస్తాం. కాబట్టి ప్రొజెక్టరే. అయితే కర్టెన్ ఎలాంటిది? వెలుతురుని తిప్పికొట్టే తెరలు ఉంటాయని విన్నాను, ఏఎల్‌ఆర్ అంటున్నారు. యూఎస్‌టీ, అంటే గోడకి బాగా దగ్గరగా పెట్టే ప్రొజెక్టర్‌ని టీవీ బల్ల మీదే పెడితే ఫ్యాన్ల గొడవ కూడా పోతుంది కదా?

---

నల్లంచు

ఏఎల్‌ఆర్ అనేది ఒక తెర పేరు కాదు, మూడు రకాలు. వెలుతురు ఏ దిక్కు నుంచి వస్తోందో దాన్నిబట్టి ఎంచుకోవాలి. ఇక్కడ తప్పితే వేల రూపాయల తెర మామూలు గోడ కంటే అధ్వానంగా కనిపిస్తుంది.

యూఎస్‌టీల కోసం చేసే లెంటిక్యులర్ తెరకి అడ్డంగా సన్నటి గాడులుంటాయి, వేలి గోరుతో రాస్తే తెలుస్తాయి. గాడి కింది ముఖం వెలుగుని మీవైపు పంపుతుంది, పై ముఖం నల్లగా ఉండి సీలింగ్ లైటుని మింగుతుంది. సీలింగ్ వెలుతురుకి ఇంత మంచి తెర లేదు. మీ వెలుతురు ఎడమ పక్కనుంచి వస్తోంది, గాడులు అడ్డంగా ఉన్నాయి కాబట్టి పక్క వెలుతురుని అవి పెద్దగా ఆపవు. ఈ తెరని సీలింగ్ ప్రొజెక్టర్‌కి వాడితే మరీ ఘోరం: పైనుంచి వచ్చేదంతా లైటే అనుకుని మీ సినిమానే మింగేస్తుంది. పేరులో ఏఎల్‌ఆర్ అని ఉందని కొనేస్తే జరిగేది ఇదే.

ఫ్రెనెల్ రకం కూడా యూఎస్‌టీకే. పక్క వెలుతురుని బాగా ఆపుతుంది, కానీ చూసే కోణం ఇరుకు, ధర ఎక్కువ. మంచి యూఎస్‌టీ, దానికి తగిన తెర, రెండూ మీ 2 లక్షల్లో రావడం కష్టం. పైగా యూఎస్‌టీ వెలుగు తెరని రాసుకుంటూ వెళ్తుంది. తెరలో రెండు మిల్లీమీటర్ల ఉబ్బున్నా నేరుగా గీసిన గీత పాములా వంకరపోతుంది, చుట్టుకునే తెరలు, ప్లాస్టరింగ్ గోడలు దానికి పనికిరావు.

మూడోది సీలింగ్ ప్రొజెక్టర్లకి వాడే కోణీయ ఏఎల్‌ఆర్. అద్దంలా ప్రవర్తిస్తుంది: పైనుంచి వచ్చినదాన్ని కిందికి, అంటే మీ వైపుకి పంపుతుంది. ఎడమ నుంచి వచ్చినదాన్ని కుడి గోడకి పంపేస్తుంది. మీ బాల్కనీకి సరిపోయేది ఇదొక్కటే. దీనికి రెండు షరతులు. ప్రొజెక్టర్ తెర వెడల్పుకి కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి, మీకు 10.9 అడుగులు. అంతకంటే దగ్గరైతే మధ్యలో మెరుపు మచ్చ, అంచుల్లో మసక. రెండోది, సోఫా చివర కూర్చున్నవారు. 7 అడుగుల సోఫాలో చివరి మనిషికి తెర అవతలి అంచు దాదాపు 31 డిగ్రీల కోణంలో ఉంటుంది. తెర స్పెసిఫికేషన్‌లో సగం గెయిన్ కోణం అని ఇస్తారు, అది అంతకంటే ఎక్కువ ఉండాలి. అమ్మేవారిని ఏ4 సైజు నమూనా ముక్క అడగండి. గోడకి అంటించి, పక్కనే తెల్ల కాగితం పెట్టి, సోఫా రెండు చివర్ల నుంచీ చూడండి. ముక్క ఇవ్వని చోట కొనకండి.

అయినా మీకు 35 లక్సులు వస్తుంటే ముందు మామూలు మ్యాట్ వైట్, గెయిన్ 1.0 లేదా 1.1, బిగించిన ఫ్రేమ్ తెరతో మొదలుపెట్టమంటాను. డబ్బు కర్టెన్‌కి పోయండి.

కర్టెన్: తలుపు 8 అడుగులైతే అటూ ఇటూ 9 అంగుళాలు దాటాలి, అంటే తొమ్మిదిన్నర అడుగులు. మడతలకి రెట్టింపు గుడ్డ, 19 అడుగులు. 48 అంగుళాల పన్నా అయితే 5 ముక్కలు. ట్రాక్ సీలింగ్‌కే వేయించండి, తలుపు చట్రం పైన కాదు. గుడ్డ నేల తాకాలి. పైన సందు మిగిలితే తెల్ల సీలింగ్ ఆ వెలుతురుని హాలంతా పంచేస్తుంది, పెల్మెట్ పెట్టె వేస్తే అదీ ఆగుతుంది. దుకాణంలో గుడ్డ వెనక ఫోన్ టార్చ్ ఆనించి చూడండి. సూదిమొనల్లా చుక్కలు కనిపిస్తే అది బ్లాకౌట్ కాదు, పేరుకే.

ఆ మెరిసే టైల్స్ మీద తెర ముందు ముదురు రంగు తివాచీ ఒకటి, ఆరడుగుల పొడవైనా పరవండి. తెర వెలుగు నేలకి కొట్టి తిరిగి తెర మీదికే వస్తుంది, రాత్రి సినిమాలో వెలుగూ చీకటీ కలిసిన సన్నివేశాల్లో నలుపు బూడిద రంగులోకి పోవడానికి అదీ ఒక కారణం. వీలైతే తెరకి ఆనుకున్న సీలింగ్ మూడు నాలుగు అడుగుల మేర మ్యాట్ ముదురు రంగు వేయించండి. సాటిన్, గ్లాసీ లాంటి మెరిసే రంగులు వద్దు, మ్యాట్ మాత్రమే.

---

స్లాబు_దాకా

ఫిట్టింగ్ గురించి. మీ రెండు ఫ్యాన్లు, ఫాల్స్ సీలింగ్ చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఎత్తులు. తెర అడుగు నేల నుంచి రెండున్నర అడుగులు, తెర ఎత్తు 4.1 అడుగులు, పైఅంచు 6.6 అడుగుల దగ్గర. టీడబ్ల్యూ7100 లాంటి 60 శాతం షిఫ్ట్ ఉన్నదానికి లెన్స్ తెర పైఅంచు కంటే తెర ఎత్తులో పదోవంతు పైకి పోవచ్చు. అంటే లెన్స్ గరిష్ఠంగా 7 అడుగుల ఎత్తు. 10 అడుగుల దూరంలో అక్కడ పెడితే, 6 అడుగుల దగ్గరున్న ఫ్యాన్ కింద వెలుగు పైఅంచు 6.8 అడుగుల్లో పోతుంది. మీ ఫ్యాన్ రెక్కలు 8 అడుగుల్లో ఉన్నా తగలవు. అదే ప్రొజెక్టర్‌ని సీలింగ్‌కి అతికించినట్టు పెట్టి, కిందికి వంచి, కీస్టోన్‌తో (వంకరపోయిన బొమ్మని నలుచదరంగా దిద్దే సెట్టింగు) సరిచేస్తే రెండు నష్టాలు: వెలుగు దారిలోకి రెక్కలు వచ్చి బొమ్మ పైభాగం టపటపా కొట్టుకుంటుంది, కీస్టోన్ పిక్సెళ్లనీ వెలుగునీ కోసేస్తుంది. అందుకని రెండున్నర అడుగులకి కొంచెం తక్కువ పైపు దింపుకోక తప్పదు. కీస్టోన్ సున్నా దగ్గరే ఉండాలి.

7 కిలోల ప్రొజెక్టర్‌ని జిప్సమ్ బోర్డు మొయ్యదు. బోర్డులో రంధ్రం చేసి, స్లాబులో నాలుగు యాంకర్ బోల్టులు వేసి పైపు దింపాలి. ఆ రంధ్రం పైపు కంటే చుట్టూ అర అంగుళం పెద్దగా ఉంచమనండి. పైపు బోర్డుని తాకితే 14 అడుగుల దగ్గరి ఫ్యాన్ అదురు ఫాల్స్ సీలింగ్ ఛానెళ్ల మీదుగా ప్రొజెక్టర్‌కి వస్తుంది. ప్రొజెక్టర్ దగ్గర ఒక మిల్లీమీటర్ కదలిక తెర మీద సబ్‌టైటిల్స్ వణికినట్టు కనిపిస్తుంది. డ్రిల్ పెట్టేముందు స్లాబులో కరెంటు పైపు ఎటు పోయిందో తెలుసుకోండి.

వైరు: ఈ దూరానికి గోడలోంచి తిప్పితే 10, 12 మీటర్లు అవుతుంది. మామూలు రాగి హెచ్‌డీఎంఐ అంత పొడవున 4కే 60 దగ్గర తడబడుతుంది, బొమ్మ రెండు సెకన్లు పోయి వస్తుంటుంది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయండి. దానికి దిశ ఉంటుంది, ఒక కొస మీద సోర్స్, రెండో కొస మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి లాగితే అసలు పని చెయ్యదు, మళ్లీ పైపులోంచి పీకాలి. లాగేముందు నేల మీద కలిపి పరీక్షించండి. దాని కనెక్టర్ 20 మిల్లీమీటర్ల పైపులో దూరడం కష్టం, 25 వేయించి, మలుపులు గుండ్రంగా పెట్టించండి.

కరెంటు: 350 వాట్ల దాకా లాగుతుంది. ల్యాంపు ప్రొజెక్టర్ అయితే కరెంటు పోయినప్పుడు లోపలి ఫ్యాన్ కూడా ఆగి ల్యాంపు వేడి మీద ఉండిపోతుంది, వెంటనే మళ్లీ వెలగదు, కొన్ని నిమిషాలు ఆగాలి. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి దాంట్లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారే ఆ క్షణానికి ప్రొజెక్టర్ ఆరిపోవచ్చు. స్క్వేర్ వేవ్ అయితే దానికి కలపకండి, 1 కేవీఏ సైన్ వేవ్ యూపీఎస్ విడిగా పెట్టుకోండి.

3ఎల్‌సీడీకి గాలి ఫిల్టర్ ఉంటుంది. బాల్కనీ దుమ్ము, వంటింటి తాలింపు పొగ రెండూ ఉన్న హాలు కాబట్టి నెలకోసారి తీసి బ్రష్‌తో దులపండి. ఫిల్టర్ మూసుకుపోతే ఫ్యాన్ గోల ఎక్కువవుతుంది, దుమ్ము ప్యానెల్ దాకా వెళ్తే నల్ల సన్నివేశాల్లో మసక చుక్కలా కనిపిస్తుంది.

---

గుంటూరు_హాలు

అందరికీ ధన్యవాదాలు. ముందు కర్టెన్ వేయించి, మళ్లీ కొలిచి, 40 లోపు వస్తే 3ఎల్‌సీడీ, మ్యాట్ వైట్ తీసుకుంటాను. చివరి ప్రశ్న: మధ్యాహ్నానికి, రాత్రికి సెట్టింగులు వేర్వేరుగా పెట్టుకోవాలా?

---

లక్స్_లెక్క

పెట్టుకోవాలండి, రెండు మెమరీలు చేసుకోండి.

మధ్యాహ్నానికి: ల్యాంపు హై, నేచురల్ లేదా బ్రైట్ సినిమా మోడ్, గామా (నీడలు ఎంత ముదురుగా ఉండాలో చెప్పే సెట్టింగు) 2.0 దగ్గర. గామా తగ్గిస్తే నీడల్లో ఉన్నవి పైకి లేస్తాయి, 35 లక్సుల్లో అలా లేవకపోతే కనిపించవు. క్రికెట్‌లో బొమ్మ మొత్తం ప్రకాశంగానే ఉంటుంది కాబట్టి 22:1 హాయిగా సరిపోతుంది. అదే కాంట్రాస్ట్‌లో రాత్రి అడవిలో జరిగే సన్నివేశం పెడితే బూడిద కలిపినట్టు ఉంటుంది, దానికి మాత్రం చీకటి పడాల్సిందే.

రాత్రి పదిన్నరకి: ల్యాంపు ఎకో, సినిమా మోడ్, గామా 2.4. ఎకోలో మూడోవంతో, ఇంకాస్త ఎక్కువో వెలుగు తగ్గుతుంది, చీకట్లో దానితో ఇబ్బంది లేదు, ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది, ల్యాంపు కూడా ఎక్కువ కాలం వస్తుంది.

హెచ్‌డీఆర్ (మెరుపులూ నీడలూ ఎక్కువ తేడాతో చూపించే వీడియో రకం, మామూలుది ఎస్‌డీఆర్) గురించి ఎవరూ చెప్పలేదు. వెలుతురున్నప్పుడు స్ట్రీమింగ్ స్టిక్ వీడియో సెట్టింగుల్లోకి వెళ్లి అవుట్‌పుట్ ఎస్‌డీఆర్ అని పెట్టండి. మెరుపులకి చోటు మిగల్చడానికి హెచ్‌డీఆర్ బొమ్మ సగటు వెలుగుని కిందికి దింపేస్తుంది. ఏడింటికి హాల్లో లైటు వేసి ఓటీటీ పెట్టగానే బొమ్మ మసగ్గా ఉంటే చాలామంది ల్యాంపు పోయిందనుకుంటారు. చాలాసార్లు ఆ ఒక్క సెట్టింగు మారిస్తే సరిపోతుంది.